సర్వరీ బేగం కన్ను కడిగిన నీళ్ళు

ఇల్లందులో పెళ్ళయినా, చావయినా, బొగ్గుబాయిలో ఎవరైనా రిటైరై దావత్ ఇచ్చినా, షామియానా కావలసినవాళ్ళు ముందుగా వెళ్ళేది సర్వరీ బేగం దగ్గరికే. దుకాణం బోర్డు మీద కొడుకు ఉబేద్ పేరుంటుంది. కానీ ఉబేద్ సామాను మోసే ట్రాలీ బండి నడుపుతాడు, గుంజలు పాతుతాడు, అంతవరకే. ఏ ఇంటికి ఏ వంట డేగ్చా ఇవ్వాలి, ఎవరికి కొత్త కార్పెట్ ఇవ్వకూడదు, పోయినసారి ఎవరు కుర్చీల కాళ్ళు విరగ్గొట్టి ఏమీ తెలియనట్టు అప్పజెప్పారు, ఇవన్నీ ఆమెకే తెలుసు. సామాను తిరిగొచ్చిన రోజు ఆమె ముందు నిలబడాలంటే పెద్దపెద్దవాళ్ళకే చెమటలు పట్టేవి. డేగ్చాను వెలుతురులోకి వంచి ఒక్కసారి అడుగు చూసేది.

"ఇది మాది కాదు. మాది ఏడున్నదో దేవులాడి తే, పో" అనేది.

భర్త ముస్తకీమ్ బొగ్గుబాయిలో పంపు ఆపరేటర్‌గా చేసి, రిటైరైన కొన్నాళ్ళకే పోయాడు. ఆయన మెత్తని మనిషి. ఆ ఇంట్లో గట్టిగా మాట్లాడే పని మొదటి నుంచీ సర్వరీదే.

అలాంటి మనిషికి చూపు తగ్గుతుంటే ఒప్పుకుంటుందా? మొదట బల్బులు సరిగ్గా వెలగడం లేదంది. తర్వాత కోడలు షబ్రీన్ అద్దాలు సరిగ్గా తుడవడం లేదంది. శుక్లమని డాక్టర్ చెప్పాక, పెళ్ళిళ్ళ సీజన్ అయిపోనీ అంది. పెళ్ళిళ్ళయ్యాక రంజాన్ రానీ అంది, రంజాన్ పోయాక ఎండలు తగ్గనీ అంది. ఇలా ఏడాదులు దాటించేసరికి రెండు కళ్ళలోనూ పొర ముదిరింది, కుడి కంటిదైతే గోధుమ రంగుకు తిరిగి, రాయిలా గట్టిపడింది.

చివరికి ఖమ్మంలో ఒక కంటి దవాఖానాలో కుడి కంటికి ఆపరేషన్ అయింది. ఆమెతో పాటు చేయించుకున్నవాళ్ళు మర్నాడు పట్టీ తీయగానే గోడ మీది క్యాలెండర్ చదివారు. ఒక ముసలాయన నర్సు చెవికమ్మల రంగు చెప్పి అందరినీ నవ్వించాడు. సర్వరీకి పట్టీ తీస్తే, ఉడుకుతున్న డేగ్చా మీద మూత తీసినప్పుడు ముఖానికి కొట్టే ఆవిరిలాంటిది కనిపించింది. ఆ ఆవిరి వెనక ఎవరిదో తెల్లకోటు.

"ఇంకో పట్టీ ఉన్నట్టున్నది. గదిగూడ తియ్యుండ్రి" అంది.

"తీసేశామమ్మా" అన్నారు. వాపు ఉంది, తగ్గుతుంది, చుక్కలు వేసుకోండి అని పంపించారు. తర్వాత ఎన్నిసార్లు వెళ్ళినా ఆ డాక్టర్ నోట అదే మాట. మధ్యలో ఉప్పు చుక్కలని ఇంకొక సీసా ఇచ్చారు. అవి వేసినప్పుడల్లా కంట్లో కారం పడ్డట్టు మండేది.

ఆ మంటను ఆమె ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది జనాన్ని. కన్ను ఎందుకు మసకబారిందో ఇల్లందులో ప్రతి ఒక్కరికీ తెలుసు, ఆమెకు తప్ప.

"కుట్లు ఆరకముందే తలకు పోసుకున్నవ్, సర్వరక్కా. నేను ఆనాడే అనుకున్న" అంది పక్కింటి సారక్క.

"కుట్లే లేవంటే వినవేంది? ఆపరేషన్ల కుట్టే ఏయలే."

"కుట్టు లేకుంటే ఇంక అధ్వాన్నం. నీళ్ళు సీదా లోపటికే పోతయ్."

ఆడపడుచు ఫాయిజా, వంకాయ కూర తిన్నందువల్లనేనని తేల్చేసింది. కిరాణా కొట్టు వెంకటప్పయ్య, ఫోన్ ఎక్కువ చూసి ఉంటారన్నాడు.

"కనపడని కంటితోని ఫోన్‌ల ఏం చూస్తనయ్యా? నీ పప్పుల రాళ్ళే కనవడుతలేవు నాకు" అంది సర్వరీ.

వీటన్నిటికంటే చిరాకు పుట్టించేది ఇంకొకటుంది. పొద్దున లేచేసరికి కన్ను పూర్తిగా తెల్లగా ఉండేది. సాయంత్రం అసర్ నమాజు వేళకు కొంచెం తేటపడి, ఎదుటి మనిషి ఆడో మగో తెలిసేది. దాంతో అబద్ధాలాడుతోందన్న అనుమానం జనానికి వచ్చింది. పొద్దున గోడకు గుద్దుకున్న మనిషి సాయంత్రం నన్నెట్ల గుర్తుపట్టింది అని ఫాయిజా షబ్రీన్‌ను గుచ్చి గుచ్చి అడిగింది. షబ్రీన్ ఆ మాట దాచలేక అత్తకు చెప్పేసింది. ఆ రోజు సర్వరీ అన్నం తినలేదు.

అప్పటికి ఎడమ కంటి చూపు కూడా అడుగంటింది. ఒక నిశ్చితార్థానికి వెళ్ళిన సామాను తిరిగొచ్చింది. ఆమె పెద్ద డేగ్చాను ఎప్పటిలాగే వెలుతురులోకి వంచి, అడుగు చూసి, సరే తీసుకుపోయి పెట్టమంది. వారం తిరక్కుండా ఆ డేగ్చాలో బిర్యానీకి ఎసరు పెట్టిన ఇంట్లో పొయ్యి ఆరిపోయింది. అడుగున చిల్లి పడితే ఎవరో ఎంసీల్ పెట్టి, పైన మసి పూసి ఇచ్చారు. అది వీళ్ళ డేగ్చా కూడా కాదు.

ఉబేద్ నిశ్చితార్థం వాళ్ళింటికి వెళ్ళి గట్టిగా అడిగితే, "మీ అమ్మ చూసి ఓకే అన్నది గదా" అన్నారు వాళ్ళు.

"నువ్వక్కడనే ఉన్నవు గద! నీకు కనవడలేదా?" అని సర్వరీ కొడుకు మీద విరుచుకుపడింది.

ఉబేద్ తల వంచుకున్నాడు. "కనవడ్డది, అమ్మీ. మందిల నువ్వు సరే అన్నంక, కాదంటే నీకు ఎట్లుంటదో అని ఊకున్న."

చిల్లు డేగ్చా ఇచ్చినవాళ్ళ మీద కంటే ఈ జాలి మీద ఆమెకు ఎక్కువ కోపం వచ్చింది. మర్నాడే ట్రాలీలో ముందు సీటెక్కి కూర్చుంది. భద్రాచలంలో ఒక ట్రస్టు కంటి ఆసుపత్రి ఉందని, అక్కడ డాక్టర్ ఓపిగ్గా చూస్తుందని ఎవరో చెప్పారు.

ఆ డాక్టర్ పేరు జ్యోత్స్న. సత్తుపల్లి అమ్మాయి. కుడి కంటిని చాలాసేపు పరీక్ష చేసి, ఎడమ కంటిని ఒక మెషిన్ ముందు పెట్టించి, అప్పుడు మాట్లాడింది.

"నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొరను కార్నియా అంటామమ్మా. దాని లోపలి వైపు ఒకే వరుసలో కణాలుంటాయి. కంటి లోపలుండే నీరు కార్నియాలోకి ఊరుతూనే ఉంటుంది. ఈ కణాలు దాన్ని ఎప్పటికప్పుడు తోడేస్తుంటాయి. తోడినంతకాలం అద్దం తేటగా ఉంటుంది. తోడేవి తగ్గిపోతే నీరు పట్టి ఉబ్బుతుంది, మసకబారుతుంది."

"మా ఆయన బొగ్గుబాయిల పంపు నడిపెటోడు. పంపులు ఆగితే బాయి మునుగుతది. గదేనా?"

"అచ్చంగా అదే."

"మరి నా కంట్ల పంపులు ఎవలు ఆపిండ్రు?"

జ్యోత్స్న కొంచెం ఆలోచించి చెప్పింది. "కావాలని ఎవరూ ఆపలేదమ్మా. మీకవి ముందు నుంచే తక్కువున్నాయి. కొందరికి వయసుతో రాలిపోతుంటాయి. పైగా శుక్లం రాయిలా ముదిరిపోయింది. దాన్ని ముక్కలు చేసి తీయాలంటే మెషిన్ ఎక్కువసేపు వాడాలి. వాడినంతసేపూ కంట్లో నీళ్ళు పారుతూనే ఉండాలి. ఆ తాకిడికి ఉన్నవాటిలో చాలా పోయాయి. పోయినవి మళ్ళీ పుట్టవు."

"ముందుగల్ల ఈ మిషన్ మీద చూసుంటే తెలుస్తుండెనా?"

"తెలిసేది" అంది జ్యోత్స్న. "అంత ముదరకముందే మీరొచ్చినా బాగుండేది."

సర్వరీ ఆ రెండో మాట విననట్టే ఇంకోటి అడిగింది. "మసక పొద్దున ఎక్కువ, పొద్దుగూకినంక తక్కువ ఎందుకుంటది? నేను నాటకాలాడుతున్న అంటున్నరు మా ఇంటోళ్ళు."

"రాత్రంతా రెప్పలు మూసి ఉంటాయి కదా, నీరు ఆరదు. పగలు కళ్ళు తెరిచి ఉంటే గాలికి కొంత ఆరుతుంది. మీరు చెప్పింది నిజం. ఈ జబ్బుకి గుర్తే అది."

"తలకు పోసుకున్నందుకు కాదు గద?"

"కాదు."

"వంకాయ?"

"వంకాయకీ దీనికీ ఏ సంబంధం లేదమ్మా."

సర్వరీ కొడుకు వైపు తిరిగింది. "ఫోన్‌ల రికార్డు చేసినవా? లేదా? ఇంకోపారి చెప్పు, డాక్టరమ్మా. మా ఫాయిజాకు వినిపియ్యాలె."

ఎడమ కంటిలోనూ కణాలు తక్కువే ఉన్నాయి గానీ కుడి కంటి అంత అధ్వాన్నంగా లేవు. ఇంకా ఆలస్యం చేస్తే ఆ శుక్లం కూడా రాయవుతుందని, అప్పుడు తను కూడా ఏమీ చేయలేనని జ్యోత్స్న చెప్పింది. ఒక కన్ను పోయినాక రెండోది చేతుల్లో పెట్టమంటారేమిటని సర్వరీ కోప్పడింది. కోప్పడుతూనే ఒప్పుకుంది.

"ఈసారి కంట్లో పారే నీళ్ళు వేరేవి తెప్పిస్తాను" అంది జ్యోత్స్న. "ఎక్కువమందికి మామూలు సెలైన్‌లాంటిది చాలు. మీ కణాలకు అది చాలదు. ఇందులో ఉప్పులతో పాటు కణాలకు కావలసిన గ్లూకోజు, వాటిని కాపాడే ఇంకో మందు కూడా ఉంటాయి. దాదాపు కంటిలో ఉండే నీరు లాగానే ఉంటుంది. రెండు సీసాలుగా వస్తుంది, వాడబోయే ముందే కలపాలి. ఒక్క నీళ్ళే మీ కన్ను కాపాడతాయని నేను చెప్పను. నేను నిదానంగా చేయాలి, మీరు కదలకుండా ఉండాలి."

వానాకాలం. ఆసుపత్రిలో చేరిన రోజు నుంచి గోదావరి పెరుగుతూనే ఉంది. మైకులో మొదటి ప్రమాద హెచ్చరిక చెబుతూ ఆటో తిరుగుతోంది. పక్క మంచం మీద పర్ణశాల అవతలి అడవిపల్లె నుంచి వచ్చిన భీమక్క అనే కోయ ముసలమ్మ ఉంది. సర్వరీ ఎంత మాట్లాడితే ఆమె అంత తక్కువ మాట్లాడేది. ఇంటి దగ్గర ఒక పెళ్ళి బుకింగ్ ఉండటంతో సర్వరీ గంటగంటకూ కోడలికి ఫోన్ చేసి ఎర్ర కార్పెట్ ఇవ్వొద్దని, వానకు తడుస్తుందని చెబుతుండేది. ఇచ్చేశానని చెప్పడానికి షబ్రీన్‌కు ధైర్యం చాలలేదు.

ఆపరేషన్ రోజు ఒక్కొక్కరినీ తీసుకెళుతున్నారు. సర్వరీ ఆకుపచ్చ గౌను తొడుక్కుని, తల మీద టోపీ పెట్టుకుని, దువా చదువుకుంటూ కూర్చుంది. నర్సు రోజారాణి వచ్చింది.

"పెద్దమ్మా, ఇయ్యాల మీది లేదు. గౌను ఇప్పేసుకోండి."

"ఎందుకు లేదు?"

"మీకు వాడాల్సిన నీళ్ళు రాలేదు. వాగు పొంగిందంట, మందుల వ్యాను అవతలనే ఆగిపోయింది."

సర్వరీ మంచం దిగి నిలబడింది. "నీళ్ళు లేవా? బయట గోదారి మెట్లెక్కి వస్తున్నదని మైకు పెట్టి మొత్తుకుంటున్నరు, ఈడ నీళ్ళు లేవంటవా?"

అప్పుడే భీమక్కను లోపలికి తీసుకెళుతున్నారు. అది తెలిసేసరికి ఆమె కోపం ఇంకా పెరిగింది. "మరి ఆమెకు ఏ నీళ్ళతోని చేస్తున్నరు? ఆమెకు సరిపోయినయి నాకు సరిపోవా?"

గొంతు విని జ్యోత్స్న బయటికి వచ్చింది. "ఆమె కంట్లో కణాలు దండిగా ఉన్నాయమ్మా, నాలుగు పోయినా తట్టుకుంటుంది. మీకు పోగొట్టుకోవడానికి లేవు. నేను ఇవాళ చేసేయొచ్చు. రేపు పట్టీ తీశాక మళ్ళీ అదే ఆవిరి కనిపిస్తే ఎవర్ని తిడతారు?"

"నిన్నే."

"అందుకే చేయను."

సర్వరీ గౌను విప్పి మంచం మీదికి విసిరింది.

వాగు తగ్గాక వ్యాను వచ్చింది. అట్టపెట్టె విప్పేటప్పుడు సర్వరీ వరండాలోనే ఉంది, ఆమెకు ఏమీ కనిపించకపోయినా. పెట్టె చింపిన చప్పుడు వినిపించింది, తర్వాత సీసాలు తిరిగి పెట్టెలో పడేసిన చప్పుడు.

"ఏమైంది?" అంది.

"ఇవి కాదు" అంది జ్యోత్స్న. ఆ గొంతు డాక్టర్ గొంతులా లేదు. "మామూలువే మళ్ళీ పంపారు. మూడుసార్లు ఫోన్ చేసి చెప్పాను, పేరు స్పెల్లింగ్ కూడా చెప్పాను." ఆమె ఆ పెట్టె మీదే కూలబడింది. పంపినవాడికి ఫోన్ చేసింది. అన్నీ ఒకటే కదా మేడమ్, అన్నీ నీళ్ళే కదా అన్నాడతను. ఆ మాట స్పీకర్లో సర్వరీకి వినిపించింది. రెండు రోజుల క్రితం తనూ అదే మాట అందని గుర్తొచ్చి ఒక్క క్షణం తడబడింది గానీ, ఎవడో తెలియని మనిషిని తిట్టే అవకాశం వదులుకునే రకం కాదు ఆమె.

"ఫోనిటియ్యి" అని తీసుకుంది. "అన్నీ నీళ్ళేనా? నీ చాయల బోరునీళ్ళు పోస్తే తాగుతవా? నా కన్నురా గది. ఉన్నది ఇంక ఒక్కటే!"

సరైన సీసాలు ఖమ్మంలో ఒక డీలర్ దగ్గర ఉన్నాయని తెలిసింది. వ్యాను మళ్ళీ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేకపోయారు. ఉబేద్ ట్రాలీ తీసి, వానలోనే బయల్దేరాడు. డేగ్చాలు, కుర్చీలు మోసే ఆ బండిలో రెండు చిన్న సీసాల కోసం వెళ్ళి, వాటిని తన షాల్‌లో చుట్టి పక్క సీటు మీద పెట్టుకుని, గుంతల్లో నెమ్మదిగా నడుపుకుంటూ వచ్చాడు. జ్యోత్స్న సీసాల మీద పేరు, తారీఖు చదివి, తలూపింది.

ఆపరేషన్ బల్ల మీద కంటికి మత్తు ఇచ్చాక సర్వరీకి నొప్పి తెలియలేదు. వెలుతురు మాత్రం తెలిసింది. మెషిన్ సన్నగా మూలుగుతోంది. నీళ్ళు కంటి మూల నుంచి జారి చెవి వైపు పోతున్నాయి.

"చెవుల పోతున్నయి" అంది.

"పోనివ్వండి. మాట్లాడొద్దు, తల కదులుతుంది."

ఉన్నట్టుండి మెషిన్ ఆగింది. "ఏమైంది? ఎందుకాగినవ్?"

"ఏం కాలేదమ్మా. కణాల మీద జెల్ మళ్ళీ పూస్తున్నా, దెబ్బ తగలకుండా. తొందరేం లేదు."

"నాకున్నది తొందర."

"అమ్మా."

ఆ ఒక్క పిలుపులో ఉన్న విసుగు సర్వరీ గుర్తుపట్టింది. అది సామాను లెక్క చూసేటప్పుడు ఎవరైనా అడ్డం మాట్లాడితే తనకొచ్చే విసుగే. నోరు మూసుకుంది. మెషిన్ మళ్ళీ ఆగింది, మళ్ళీ మొదలైంది.

మర్నాడు పట్టీ తీసేటప్పుడు ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది. తెరవమంటే తెరవలేదు. ఉబేద్ బతిమిలాడాడు. రోజారాణి బతిమిలాడింది. చివరికి తెరిచింది.

ఎదురుగా ఒక సన్నని అమ్మాయి, నిద్రలేని కళ్ళతో, జుట్టు గబగబా ముడేసుకుని నిలబడి ఉంది.

"నువ్వేనా డాక్టర్‌వి? గింత చిన్నపిల్లవా! ముందే కనవడుంటే నా కన్ను నీ చేతుల పెట్టకపోదును" అంది సర్వరీ.

జ్యోత్స్న నవ్వింది. కంట్లోకి లైటు వేసి చూసి, ఇంకోసారి చూసి, కార్నియా తేటగా ఉందని చెప్పింది. సర్వరీ అప్పటికే పక్క మంచం వైపు తిరిగింది. ఊరి దారి మునిగి ఇంకా ఇంటికి పోలేని భీమక్క, వాకిట్లోంచి పడుతున్న వెలుతురులో కూర్చుని ఉంది. చేతుల నిండా పాత పచ్చబొట్లు, నుదుటి మీద చుక్కలు. ఇన్ని రోజులు పక్కనే ఉన్నా సర్వరీ ఆమెను చూడటం అదే మొదలు.

"ఎంత చక్కగున్నవే, భీమక్కా" అంది.

"నేను నిన్ను మొన్ననే చూసిన" అంది భీమక్క. "నువ్వు తిడతనే ఉన్నవ్."

అక్కడితో అయిపోలేదు. కుడి కన్ను అలాగే ఉండిపోయింది. ఎవరైనా చనిపోయాక ఇచ్చిన కంటి నుంచి ఆ కణాలున్న పలుచని పొరను తీసి అతికిస్తే బాగుపడుతుందని, అది హైదరాబాద్‌లో చేస్తారని జ్యోత్స్న రాసిచ్చింది. కన్ను వచ్చేదాకా వేచి ఉండాలి. చచ్చినవాళ్ళ కన్ను పెట్టుకోవచ్చా లేదా అని ఇంట్లో నెల రోజులు వాదన నడిచింది. కూడదని కొందరు, ప్రాణం కోసం, చూపు కోసమైతే తప్పు లేదని కొందరు.

"మీరు కొట్లాడుకొని ఒక మాటకు రాండ్రి. అప్పటికి నేను చేయించుకొని వస్త" అంది సర్వరీ.

కన్ను దొరికిందని హైదరాబాద్ నుంచి ఫోన్ వచ్చేసరికి చలికాలం వచ్చింది. ఆపరేషన్ అయ్యాక కంట్లో గాలి బుడగ పెట్టి, ఆ పొర అంటుకునేదాకా వెల్లకిలా, కదలకుండా పైకప్పు చూస్తూ పడుకోమన్నారు. సర్వరీ బేగం బతుకులో ఇంత కష్టమైన పని ఎవరూ చెప్పలేదు. ఫ్యాన్ వంకరగా తిరుగుతోందని చెప్పింది. గోడకు సున్నం సరిగ్గా వేయలేదని చెప్పింది. అన్నం నోట్లో పెడుతుంటే షబ్రీన్ చెంచా పట్టుకోవడం రాదంది. అందరూ విసిగి బయటికి వెళ్ళాక, ఆ కన్ను ఎవరిదని నర్సును అడిగింది. చెప్పకూడదన్నారు.

"పేరు తెల్వకుంట దువా ఎట్ల చెయ్యాలె?" అని చిరాకుపడింది. తర్వాత అరచేతులు రెండూ గుండెల మీదికి తెచ్చి, పేరు లేకుండానే, వెల్లకిలా పడుకునే దువా చేసింది. ఇక లేవొచ్చని చెప్పినప్పుడు ఆమె లేవలేదు. సరిగ్గా అంటుకుందో లేదో ఇంకోసారి అడిగి రమ్మని ఉబేద్‌ను పంపింది.

కుడి కన్ను వారం వారం కొంచెం కొంచెంగా తేటపడింది. ఎడమ కన్నంత కాలేదు. మనుషులు, బస్సు బోర్డులు బాగానే కనిపిస్తాయి, సూదిలోకి దారం మాత్రం ఎక్కదు. ఈ సంగతి మీద ఆమె జ్యోత్స్నకు ఇప్పటికీ ఫోన్ చేసి ఫిర్యాదు చేస్తూనే ఉంటుంది. ఫోన్ పెట్టేసే ముందు, అన్నం తిన్నవా, వేళకు పండుకుంటున్నవా అని గద్దిస్తుంది.